దోమకొక అణా

ప్రతి సంవత్సరము ఆగస్టు నెల సమీపించునప్పటికి మా కార్యాలయములో ఒక ప్రసంగపాఠము బీరువానుండి బయటికి వచ్చును. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా క్రిమి జాడను పట్టుకొనిన కథ అది. నేనే దానిని మూడు నాలుగు పర్యాయములు చదివితిని. వినువారికి విసుగు పుట్టింపని కథ. వేసవి వెళ్ళినను ఉక్క వెళ్ళలేదు. పంకా లాగించినచో కోసిపెట్టిన దోమలు ఎగిరిపోవును గనుక పంకా లేదు. నుదుటి చెమట కారి కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క కంటి అద్దము పగిలియున్నది. అట్టి అవస్థలో ఆ మనిషి గంటల తరబడి దోమ పొట్టను కణము కణముగా వెదకినాడు. తుదకు కనబడినది. ఐదేండ్లకు, 1902లో, నోబెల్ బహుమానము లభించినది. రేడియోకు ఇంతకన్న మంచి కథ ఏమి కావలెను?

కడపటిసారి ఆ ప్రసంగము ప్రసారమైన వారమునకు నా పేర ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగము విరమించిన కాంపౌండరు. మా శ్రోతలు వ్రాయు కార్డులలో ఉచ్చారణదోషములను గూర్చినవే ఎక్కువ. ఇది అట్టిది కాదు. "అయ్యా, ఒక మలేరియా రోగికి దోమకొక అణా చొప్పున ఇచ్చి, అతనిని దోమలచేత కుట్టించినారని సెలవిచ్చినారు. ఆ రోగికి పేరు లేదా? అతనికి ఏమి చెప్పి పడుకోబెట్టినారు? నేను ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో సూదులు వేసినవాణ్ణి. అందుకని అడుగుతున్నాను." ఇంతే ఉన్నది కార్డులో.

నా వద్ద వెంటనే చెప్పదగిన సమాధానము లేదు. ఇన్నిసారులు చదివిన కథలో ఒక మనిషి మంచముమీద పండుకొనియుండగా, నేను అతని ప్రక్కనుండి నడచిపోయి దోమను చూచుచుంటిని. ఆ కార్డు పుణ్యమా యని కథను మొదటినుండి మరల చదివితిని. చదివినకొలదిని ఒక విషయము తెలిసినది. 1897 కన్న ముందు చెప్పవలసినది 1895 సంగతి.

మలేరియా రోగి రక్తములోనుండు క్రిమిని మొదట చూచినవాడు లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు. అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణములో, 1880లో చూచెను. ఆ క్రిమి ఒకని నెత్తురునుండి మరియొకని నెత్తురులోనికి ఎట్లు పోవుచున్నదో ఎవ్వరికిని తెలియలేదు. లండనులోనున్న పాట్రిక్ మాన్సన్ మాత్రము దోమను అనుమానించెను. అతనికి దోమలతో పూర్వపరిచయము కలదు. చైనాలోని ఆమోయ్ రేవులో పనిచేయు దినములలో, 1877లో, బోదకాలు క్రిమి దోమ కడుపులో పెరుగునని చూపినవాడు అతడే. అందుకు దోమలచేత కుట్టించినది ఎవరిననుకొన్నారు? తన తోటమాలిని. ఆ తోటమాలి పేరు హిన్ లో. అతని నెత్తురులో అప్పటికే ఆ క్రిములున్నవి.

మాన్సన్ ఊహలో ఒక పొరపాటుండెను. దోమ ఒక్కసారి నెత్తురు త్రాగి, నీటిపై గ్రుడ్లు పెట్టి, అక్కడనే చచ్చుననియు, దానిలోని క్రిములు నీటిలో కలియుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు అతడు తలచెను. 1894లో లండనులో రాస్‌కు ఆ క్రిమిని చూపించి, ఈ మార్గమున వెదకుమని పురికొల్పినవాడు అతడే. రాస్ 1895లో హిందూదేశమునకు తిరిగివచ్చి, సికింద్రాబాదులోని 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యుడుగా చేరెను. మనవారు లష్కర్ అని పిలిచెడు ఆ కంటోన్మెంటులో, ఆ వేసవిలోనే పనికి పూనుకొనెను.

అబ్దుల్ ఖాదిర్ అను మలేరియా రోగిని దోమతెరలో పండుకొనబెట్టి దోమలచేత కుట్టించినారు. నెత్తురు త్రాగిన దోమలను పట్టి నీటి సీసాలలో ఉంచినారు. అవి చచ్చినవి. గురువుగారి ఊహ నిజమైనచో ఆ నీటిలో మలేరియా ఉండవలెను. ఉన్నదో లేదో తెలియుటకు ఎవరైన దానిని త్రాగవలెను. త్రాగినారు. అందులో ఒకని పేరు ఇంగ్లీషు వ్రాతలో "లచ్‌మన్" అని యున్నది. మన పల్లెలలో లచ్చుమన్న, లచ్చన్న అని పిలుచుకొనెడు పేరే. కొన్నిదినములకు అతనికి జ్వరము తగిలినది. మాన్సన్ చెప్పినది నిజమేనేమోయని రాస్‌కు ఆశ కలిగినది. మరికొందరిచేత త్రాగించినారు. వారికి ఏమియు కాలేదు. దోమ నీటివలన మలేరియా రాదని కొంతకాలమునకు తేటపడినది. ఆ త్రోవ అంతటితో మూతపడినది.

ఇది నేను ఏ సంవత్సరమును చదువని భాగము. ఎందుకు చదువలేదని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. జయము కథ చెప్పువాడు ఓటమి కథను దాటివేయును, అది సహజమే. కాని ఈ భాగములో ఓటమి కన్న పెద్ద సంగతి యొకటి కలదు. 1897లో దోమతెరలో పండుకొనినవాడు అప్పటికే రోగి. అతని ఒంటిలోనున్న క్రిములనే దోమలు తీసికొనిపోయినవి. అతనికి క్రొత్తగా వచ్చిన కీడు దోమకాటు దురద మాత్రమే. 1895లో నీరు త్రాగినవాడు ఆరోగ్యవంతుడు. లేని జబ్బు వచ్చునా రాదా యని చూచుటకే అతనిచేత త్రాగించినది. కాంపౌండరుగారి ప్రశ్న హుసేన్ ఖాన్ విషయములో న్యాయమైనదే. లచ్చుమన్న విషయములో మరింత న్యాయమైనది.

ఆ రోగి పేరు చెప్పనే చెప్పితిని. హుసేన్ ఖాన్. 1895 సెప్టెంబరులో రాస్‌ను కలరా పనిమీద బెంగుళూరు పంపినారు. 1897లో ఉదకమండలము సమీపమున సీగూరు కనుమలో తిరిగి తానే మలేరియా తెచ్చుకొనెను. ఆ సంవత్సరమే మరల లష్కరు చేరెను. ఈసారి సామాన్యముగా కనబడు దోమలను విడిచి, మచ్చల రెక్కల దోమలను పిల్లపురుగుల నాటినుండి సీసాలలో పెంచినాడు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను తెరలోపల పండుకొనబెట్టి వానిని వదలినారు. కుట్టిన దోమ యొక్కటికి ఒక అణా. ఆ దినములలో సిపాయి జీతము నెలకు తొమ్మిది రూపాయలు. 1895లోనే ఏడునుండి తొమ్మిదికి పెంచినారు. రోజుకు అయిదణాల లోపే పడినది. కనుక అయిదు దోమలు కుట్టినచో సిపాయికి ఒక రోజు జీతము. దానిని ఆశించి పండుకొనినవానిని మనము తప్పుపట్టలేము. నాలుగవనాడు, 20వ తేదీన, ఆ దోమలలో ఒకదాని కడుపుగోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడినవి. మరునాడు కోసిన దోమలో అవి ఇంకను పెరిగియున్నవి. డిసెంబరు 18న ఆ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయినది.

రాస్‌కు అన్యాయము చేయరాదు. అతడు తన పుస్తకములో నిజము వ్రాసినవాడు. నీటి ప్రయోగములు ఫలింపలేదని, ఆ ఊహ తనకు గురుస్థానముననున్న మాన్సన్‌దే యైనను, దాచలేదు. ఇష్టమైన ఫలితమును మాత్రము అచ్చువేసి తక్కినవి మరుగుపరచుట పరిశోధనాలోకమున నేటికిని చెల్లుచున్న పాపము; రాస్ దానికి దూరముగా నుండెను. (ఇటలీవాడైన గ్రాసీతో, ఎవరు ముందను విషయమై, జీవితాంతము చేసిన తగవు వేరు. అందులో రాస్ నోరు మంచిది కాదు.) లచ్చుమన్న ఒప్పుకొనియే త్రాగినాడని రాస్ తలంపు. అబద్ధమనుటకు నాకు కారణము లేదు.

కాని ఒప్పుకొనుట యనగా నేమి? కంటోన్మెంటులో, 1895లో, యూనిఫారము వేసికొనిన దొర పిలిచి, "ఈ నీరు త్రాగుదువా?" అని అడిగినాడు. కాదనువాడెవ్వడు? దొర ఇచ్చు మందు మింగుటకు అలవాటుపడిన చేయి అది. ఆ సీసాలోనిది మందో, మందుకు వ్యతిరేకమైనదో తెలిసికొనుటకు వానికున్న సాధనము దొర మాట తప్ప మరియొకటి లేదు. జబ్బు వచ్చినచో క్వినైను ఇచ్చువాడును ఆ దొరయే. అట్టిచోట "సరే" అను మాటకు బరువెంత? ఈ తూకము తూచవలసినవాడు లచ్చుమన్న కాదు, అడిగినవాడు.

"అది ఆ కాలధర్మము, ఈనాటి కొలబద్దతో ఆనాటివారిని కొలువరాదు" అని పెద్దలందురు. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని. చరిత్ర చదివినవానికి ఈ మాట చేతికర్ర వంటిది. కాని ఈ సందర్భములో ఆ కర్ర విరుగుచున్నది. ఆ కాలపు కొలబద్దలు ఆ కాలముననే ఉండెను.

నార్వే దేశములోని బెర్గెన్ పట్టణమున హాన్సెన్ అను వైద్యుడుండెను. కుష్ఠురోగమునకు కారణమైన సూక్ష్మజీవిని 1873లో కనుగొనిన మహనీయుడు. అది అంటురోగమని రుజువు చేయవలెనని, 1879లో ఒక రోగినుండి తీసిన పదార్థమును, వేరొక రకపు కుష్ఠుతో ఆసుపత్రిలోనున్న యొక స్త్రీ కంటిలో గ్రుచ్చెను. ఆమెను అడుగలేదు. ఆమెకు ఆ ప్రయోగమువలన క్రొత్త జబ్బు రాలేదు. అయినను వ్యాజ్యము నడచినది. ఆమె అనుమతి తీసికొనలేదని హాన్సెన్ కోర్టులో ఒప్పుకొనెను. తాను చూచిన దృష్టితో ఆమె చూడదని ఎరిగియే అడుగలేదని చెప్పెను. 1880లో కోర్టు అతనిని ఆసుపత్రి పదవినుండి తొలగించినది. ఈ తీర్పు లష్కరు ప్రయోగములకు పదునైదేండ్లు ముందుది. కీడు జరుగలేదు గదా యని న్యాయస్థానము ఊరుకొనలేదు. అడుగకుండుటయే తప్పని తలచినది.

జర్మనీలో బ్రెస్లా నగరమున నైసర్ అను వైద్యుడు, సవాయి సూక్ష్మజీవిని 1879లో కనుగొని కీర్తి గడించినవాడు, 1892లో సుఖవ్యాధికి టీకా కనుగొనవలెనను తలంపుతో, రోగుల నెత్తురునుండి తీసిన రసమును ఆసుపత్రిలోనున్న పడుపువృత్తి యువతులకు వారికి తెలుపకయే ఎక్కించెను. కొందరికి వ్యాధి వచ్చినది. వారి వృత్తివలన వచ్చినదే గాని నా సూదివలన కాదని అతని వాదము. పత్రికలు గగ్గోలు చేసినవి; పార్లమెంటులో చర్చ జరిగినది; 1900లో మూడువందల మార్కుల జుల్మానా పడినది. అదే సంవత్సరము డిసెంబరు 29న ప్రష్యా ప్రభుత్వము ఆసుపత్రుల అధిపతులకు ఒక ఉత్తరువు పంపెను. చికిత్సకు గాక వేరు ప్రయోజనమునకు మనిషిపై ఏది చేసినను, జరుగగల కీడు ముందుగా విడమరచి చెప్పవలెను. అతడు స్పష్టముగా ఒప్పుకొనవలెను. మైనర్లపై అసలే చేయరాదు. కాలధర్మమందురా? అదియు కాలధర్మమే.

మరియొకటి చెప్పుదును. అదే 1900లో, మలేరియాను దోమ తెచ్చునని లండను ప్రజలకు నమ్మకము కలిగించుటకై, ఇటలీనుండి మలేరియా దోమలను పంజరములలో తెప్పించినారు. జబ్బులేని ఊరిలో, జబ్బులేని మనిషిని వానిచేత కుట్టించవలెను. ఈసారి పాట్రిక్ మాన్సన్ తోటమాలిని పిలువలేదు. అతని కొడుకు, వైద్యవిద్యార్థి, తానే ముందుకు వచ్చి చేయి చాచెను. మలేరియా వచ్చినది, క్వినైనుతో తగ్గినది, కొన్నినెలలకు మరల తిరుగబెట్టినది. ఆ యువకుడు తన జ్వరమును పూటపూటకు తానే వ్రాసిపెట్టినాడు. ఆ వ్రాత అచ్చయినది. లచ్చుమన్న జ్వరమునకును ఇతని జ్వరమునకును తేడా ఏమి? లండను కుఱ్ఱవానికి తాను ఏమి చేయుచున్నాడో తెలియును. అతని జ్వరమునుగూర్చి అతని మాట మిగిలినది. లచ్చుమన్న జ్వరమును గూర్చి మిగిలినది రాస్ మాట.

తన మందును ముందుగా తనమీదనే ప్రయోగించుకొను వైద్యులు ఆ తరమున కొందరుండిరి. హాఫ్‌కిన్ ప్లేగు టీకాను 1897 జనవరి 10న బొంబాయిలో తన ఒంటికే మొదట ఎక్కించుకొనెను. పిదప బైకుల్లా జైలులో ముందుకు వచ్చిన ఖైదీలకు వేసినారు. జైలులో "ముందుకు వచ్చుట" అను మాటకు కంటోన్మెంటులో "సరే"కున్నంత బరువే ఉన్నదని నాకు తోచును. అయినను, తాను త్రాగని నీటిని ఇతరులకు పోయలేదన్న గౌరవము హాఫ్‌కిన్‌కు దక్కవలెను.

ఈ విషయమున అందరికన్న స్పష్టముగా ఆలోచించినవారు క్యూబాలో వాల్టర్ రీడ్ బృందము. హవానాలో పచ్చజ్వరమును దోమ తెచ్చుచున్నదని కార్లోస్ ఫిన్లే 1881నుండి చెప్పుచుండెను, వినినవారు లేరు. 1900లో అమెరికా సైన్యము పంపిన నలుగురు వైద్యులు దానిని పరీక్షింపబూనిరి. అందులో కారల్ తనచేతిని దోమకిచ్చి చావుదాక పోయి బ్రతికెను. లాజియర్ సెప్టెంబరు 25న చనిపోయెను. అతని పేరుతో నెలకొల్పిన శిబిరమున రీడ్ ఒక క్రొత్త పని చేసెను. స్పెయిన్‌నుండి వలసవచ్చిన కూలీలతో వ్రాతపూర్వకమైన ఒడంబడిక. వారి భాషయగు స్పానిష్‌లో ఒక ప్రతి, ఇంగ్లీషులో ఒక ప్రతి. సంతకము చేయువాడు ఇరువదియైదేండ్లు నిండినవాడు. ప్రాణాపాయము కలుగవచ్చునని అందులో వ్రాసియున్నది. నూరు డాలర్ల బంగారము. జ్వరము వచ్చినచో మరియొక నూరు. కిసింజర్, మోరాన్ అను ఇద్దరు అమెరికనులు డబ్బు వద్దని చేయిచాచిరి.

ఆ కాగితము పరిపూర్ణమైనదని అనను. ఊరుగాని ఊరిలో నూరు డాలర్ల బంగారమును చూచిన కూలీ కన్ను ఆపదను గూర్చిన వాక్యమును ఎంతవరకు చదువును? హుసేన్ ఖాన్ అణాకును ఈ బంగారమునకును బరువులో తేడాయే గాని జాతిలో తేడా లేదు. ఆ శిబిరములో ఎవ్వరును చనిపోలేదు. మరుసటేడు హవానాలో వేరొక వైద్యుని ప్రయోగములో ముగ్గురు చనిపోయినారు. అందులో క్లారా మాస్ అను నర్సు ఒకతె, వయస్సు ఇరువదియైదు. అయినను ఆ ఒడంబడికలో ఒక మంచి యున్నది. మనిషికి అర్థమగు భాషలో, కీడును కీడుగా పేర్కొని, కాదనుటకు తావిచ్చి అడిగినారు. అడుగుట అనగా ఇది.

ఇంతదూరము వచ్చిన తరువాత కథ సరళరేఖగా ముందుకు సాగినదని చెప్పగలిగినచో బాగుండెడిది. ప్రష్యా ఉత్తరువు వెలువడిన జర్మనీలోనే 1931 ఫిబ్రవరిలో దానికన్న కట్టుదిట్టమైన నియమములను వ్రాసినారు. రెండేండ్లకు నాజీలు వచ్చిరి. 1942నుండి డాకౌ నిర్బంధశిబిరములో వేయికి పైబడిన ఖైదీలకు దోమలచేతను సూదులచేతను మలేరియా ఎక్కించినవాడు క్లౌస్ షిల్లింగ్. అతడు ఎవరో చదువురాని కిరాతకుడు కాడు. కాఖ్ శిష్యుడు, ఉష్ణమండల వ్యాధుల పరిశోధనలో తలపండినవాడు. 1946 మే నెలలో ఉరితీసిరి. లష్కరులో మచ్చల రెక్కలతో వెలుగులోనికి వచ్చిన దోమ డాకౌలో ఏ పనికి నియోగింపబడినదో తలచుకొనిన, మన ఆగస్టు ప్రసంగమును అదే గొంతుతో చదువుట కష్టము.

నూరెంబర్గులో ఇరువదిముగ్గురిపై జరిగిన వైద్యుల విచారణకు తీర్పు వెలువడినది 1947 ఆగస్టు 19, 20 తేదీలలో. సికింద్రాబాదు ఆవిష్కారమునకు సరిగా ఏబదియేండ్లు నిండిన దినము! మన దేశమున స్వాతంత్ర్యపు తోరణము లింకను వాడని వారము. ఆ తీర్పులో మనుష్యులపై ప్రయోగములకు పది నియమములు చెప్పిరి. మొదటిది, ప్రయోగమునకు లోనగువాని స్వచ్ఛందమైన సమ్మతి తప్పనిసరి. విచారణలో నిందితుల తరఫు న్యాయవాదులు ఒక ఎత్తు వేసిరి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ జైలులో, యుద్ధకాలమున, నాలుగువందలమందికి పైగా ఖైదీలకు మలేరియా ఎక్కించి మందులు పరీక్షించలేదా యని అడిగిరి. అక్కడ సంతకములున్నవి; డాకౌలో లేవు. తేడా పెద్దదే. కాని ఆ ప్రశ్నకు గదిలో కొంత నిశ్శబ్దమైన విలువ ఉండకపోలేదు.

పది నియమములు చెప్పిన అమెరికాలోనే, అలబామా రాష్ట్రపు టస్కీగీలో, 1932నుండి సుఖవ్యాధిగల సుమారు నాలుగువందలమంది నీగ్రో కూలీలను, జబ్బు పేరైన చెప్పక, పెనిసిలిన్ వచ్చిన పిదపకూడ ఇవ్వక, చచ్చువరకు పరిశీలించుచు పోయిరి. 1972లో పత్రికలు బయటపెట్టిన తరువాత గాని ఆగలేదు. నడుమ 1964లో ప్రపంచ వైద్యసంఘము హెల్సింకీలో తన ప్రకటన చేసియుండెను. మన భారత వైద్య పరిశోధన మండలి 1980లో మొదటి విధానపత్రమును, 2000లో సవిస్తరమైన నియమావళిని వెలువరించినది. కాగితమునకు కొరత లేదు.

కాగితమున్న పిదప ఏమి జరుగునో మన గోదావరి తీరమున చూచితిమి.

2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్లవరకు గల బాలికలకు, సుమారు పదునాలుగు వేలమందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకా వేసిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి చేసిన పని. పిల్లలలో చాలమంది గిరిజనులు. హాస్టళ్ళలో ఉండి చదువుకొనువారు. ఇది ప్రయోగము కాదు, ప్రదర్శన పథకమనిరి. కొందరు బాలికలు చనిపోయినారను వార్త వచ్చినది. 2010 ఏప్రిల్‌లో పథకమును నిలిపివేసిరి. కేంద్రప్రభుత్వము విచారణసంఘమును నియమించినది. ఆ చావులకు టీకా కారణమనుటకు ఆధారము కనబడలేదని సంఘము చెప్పినది. ఈ మాటను గట్టిగా చెప్పుట నా విధి. ఆ టీకా అనేక దేశములలో స్త్రీల ప్రాణములు కాపాడుచున్న మంచి టీకా; రేపు మన ఇంటి ఆడపిల్లకు వేయించుటకు జంకవలసిన పని లేదు.

అయితే సంఘమువారు సమ్మతిపత్రముల కట్టలు విప్పి లెక్కించిరి. ఆంధ్రప్రదేశమునుండి చూచిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములపై సంతకము తల్లిదండ్రులది కాదు. హాస్టలు వార్డెనుదో, ప్రధానోపాధ్యాయునిదో. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము ఇంకను తీవ్రమైన మాటలతో తప్పుపట్టినది.

వేలిముద్ర వేసిన తల్లిని నేను తప్పుపట్టను. వేలిముద్ర వేసినవారికి విషయము తెలియదనియు, సంతకము చేసినవారికి తెలియుననియు అనుకొనుట చదువుకొన్నవారి భ్రమ. ఎవరైన కూర్చుండి, ఆమె మాటలో, "అమ్మా, ఈ సూది జబ్బు తగ్గించుటకు కాదు, ముందుముందు రాకుండుటకు, మూడుసార్లు వేయుదుము, నీ కిష్టము లేకున్న మానివేయుము, పిల్ల చదువుకేమియు అడ్డు రాదు" అని చెప్పినారా, ఇదియే ప్రశ్న. చెప్పినచో ఆ వేలిముద్ర హవానా సంతకముతో సమానము. వార్డెను సంతకము సంగతి వేరు. ఆయన చెడ్డవాడు కానక్కరలేదు. పై అధికారి కాగితము పంపినాడు, పిల్లలు వందమంది, తల్లిదండ్రులు అడవిలోని పల్లెలలో ఉన్నారు, బస్సు దినమున కొకటి. ఆయన తన కలము తీసి వరుసగా సంతకములు పెట్టినాడు. పిల్లకు మంచి టీకా అందినది. తల్లి నడుగవలసిన మాట మాత్రము దారిలో పోయినది.

టీకా మంచిదే గదా, ఎవరికేమి నష్టము అని అడుగువారు ఉందురు. నష్టము తరువాత తెలిసినది. చావులకు టీకా కారణము కాదని ఎవరు ఎన్నిమార్లు చెప్పినను ఆ ప్రాంతమున నమ్మినవారు తక్కువ. మొదట అడుగనివాడు తరువాత చెప్పిన మాటను ఎవరు నమ్మెదరు? ఇది నా ఊహ మాత్రమే కాదు. టీకాల పనిలో దినమును గడపు నర్సులు నాతో అనిన మాట. బెర్గెన్ కోర్టు 1880లో హాన్సెన్‌ను తొలగించినప్పుడు, జరుగని కీడుకు ఎందుకీ శిక్ష యని అతని స్నేహితులకు తోచియుండును. ఆసుపత్రిలోని తక్కిన రోగులకు మాత్రము అట్లు తోచియుండదు.

ఒకసారి శబ్దగ్రహణయంత్రము తీసికొని బేగంపేటలో రాస్ పేరనున్న ఆ పాత బంగళాకు పోయితిని. నా ప్రసంగమునకు ఏదైన శబ్దము దొరకునేమోయని ఆశ. దోమలు మాత్రము సమృద్ధిగా దొరకినవి. రాస్ పేరు ఆ గోడలకు ఎట్లును తగును. ఆయన అక్కడ పడిన పాటు తక్కువది కాదు. కాని ఆ బంగళా చుట్టు తిరుగుచున్నప్పుడు అబ్దుల్ ఖాదిర్, హుసేన్ ఖాన్, లచ్చుమన్న అను మూడు పేర్లు నా నోటిలో లేవు. కాంపౌండరుగారి కార్డు రాక పూర్వము సంగతి అది.

ఆయనకు జవాబు వ్రాసితిని. హుసేన్ ఖాన్ పేరు, అణాల లెక్క, లచ్చుమన్న త్రాగిన నీటి సంగతి, అన్నియు వ్రాసితిని. రెండు కార్డులు పట్టినవి. ఈ ఆగస్టు ప్రసంగపాఠమునుకూడ సవరించితిని. "ఒక మలేరియా రోగి" అని యున్నచోట పేరు పెట్టితిని. 1897కు ముందు 1895 చేర్చితిని. ప్రసంగమునకు ఇచ్చునది పదునైదు నిమిషములే గనుక, పగిలిన కంటి అద్దము సంగతియు, త్రుప్పుపట్టిన మరల సంగతియు తీసివేయవలసివచ్చినది.